చిగురు జారిన పంటికి అంటు

కలిగిరి నుండి ఒక సోదరి మాకు లేఖ వ్రాసినారు. క్రింది ముందుపంటికి చిగురు జారి వేరు బయటపడినదట. చల్లని నీరు తగిలిన జివ్వుమనుచున్నదట. నెల్లూరిలో ఒక దంతవైద్యుడు అంగిటి నుండి పొర తీసి అంటు కట్టవలెననగా, మరియొకరు ప్రక్కచిగురునే జరిపి కప్పవచ్చుననిరట. అంగిలి కోయుదురన్న మాట విని అత్తగారు వలదనుచున్నారట. ఎవరి మాట వినవలెనని ఆమె ప్రశ్న.

ఇద్దరు వైద్యులును అసత్యమాడలేదని మా తలంపు. మామిడికి అంటు కట్టువాడు కొమ్మను తల్లిచెట్టు నుండి వేరుచేయకయే కట్టుట కలదు. కోసి తెచ్చి కట్టుటయు కలదు. ఇక్కడను అంతే.

ప్రక్కచిగురును ఒక వైపు అంటియుండగనే జరిపి వేరును కప్పు పద్ధతిని 1956లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. దానికి రక్తము తన చోటి నుండియే అందును, రంగు కలియును, అంగిటికి గాయముండదు. కాని ప్రక్కపంటి చిగురు దళముగాను వెడల్పుగాను ఉండవలెను. లేనిచో ఒక పంటిని కప్పబోయి రెండవదానిని దిగంబరము చేసినట్లగును! క్రింది ముందుపండ్లకు చిగురు తరచు పలుచనగుటచే ఈ ఉపాయము అందరికిని పనికిరాదు.

అంగిటి పొరలోను రెండు తెరగులు. పైచర్మముతో సహా కోసి తెచ్చుట పాతది. తీసినచోట పచ్చిపుండు మిగిలి, రెండు మూడు వారములు కారము తగిలిన మంట పెట్టును. అతికినచోట తెల్లని మచ్చవలె కనబడును. అయినను గట్టి చిగురే లేని క్రింది పంటికి, పెదవి లాగుడును తట్టుకొను బలమిచ్చుటలో దీనికి సాటి అరుదు. రెండవది 1985 నుండి ప్రసిద్ధము. అంగిటి పైపొరను మూతవలె ఎత్తి, లోపొరను మాత్రము తీసి, మూతను తిరిగి కుట్టెదరు, బాధ తక్కువ. ఆ లోపొరను చిగురు క్రింద దూర్చి కుట్టుదురు. ఇరువైపుల నుండి రక్తమందును గనుక చక్కగా నిలుచును. వేరు కప్పుటే ముఖ్యమైనచో మేము దీనినే మేలనెదము. సిద్ధముగా అమ్ము పొరలును కలవు. అంగిలి కోతయుండదు గాని వెల హెచ్చు, ఫలము సొంత పొరకు కొంచెము వెనుకబడును. కొన్ని పందిచర్మముతో చేసినవి. పట్టింపు గలవారు ముందే అడుగవలెను.

పండ్ల నడిమి ఎముకయు, ముక్కోణపు చిగురును నిలిచియున్ననే వేరు పూర్తిగా కప్పబడును. అవి క్రుంగినచో ఏ పద్ధతిలోను పూర్ణఫలము ఆశింపరాదు. సోదరి వైద్యునడుగవలసిన మొదటి ప్రశ్న ఇదియే. జారుట ఆగి, బాధయు లేనిచో కోత లేకయే కనిపెట్టియుండవచ్చును.

చిగురేల జారెనో ఆమె వ్రాయలేదు. నెల్లూరు జిల్లాలో నీటిలోని ఫ్లోరైడు వలని వ్యాధిని 1937లోనే వైద్యులు ప్రకటించిరి. పండ్లపై గోధుమవన్నె మచ్చలు ఆ మెట్టసీమలో వింత కాదు. ఆ మచ్చ పోవునని ఇటుకపొడితోను బొగ్గుతోను రుద్దువారిని మేమెరుగుదుము. మచ్చ పంటిలోనిది, పోదు, పోవునది చిగురు. ఆ అలవాటు మానక కట్టించిన అంటు మరల జారును. పొగాకును, అదుపులేని మధుమేహమును కూడ దానిని అతుకనీయవు.

మందుసూది వేసియే కోయుదురు గనుక అప్పుడు నొప్పి తెలియదని అత్తగారికి చెప్పవచ్చును. తరువాత రెండు వారములు అచ్చట బ్రష్షు తగులనీయక, వైద్యుడిచ్చిన మందునీటితో పుక్కిలించుచు, చల్లార్చిన మెత్తని పెరుగన్నము తినవలెను. పెదవి లాగి అద్దములో చూచుకొనవలదు. తొలిదినములలో కుట్లు కదలినచో అంటు చచ్చును.