జిల్లాను పంచారు, బడి పద్దు సంగతేమిటి?

మన పల్లెల్లో అన్నదమ్ములు వేరుపడితే పెద్దమనుషులు కూర్చుంటారు. భూమి, బావి, ఎడ్లు, అప్పు అన్నీ లెక్కకొస్తాయి. ఆడపిల్లల మాట మాత్రం రాదు. ఎవరైనా ఎత్తితే "పెళ్లి చేసి పంపాం గదా" అంటారు. కూతుళ్లకు సమాన వాటా ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్ట సవరణ వచ్చింది. చాలా ఇళ్లలో ఆ చట్టం ఇంకా గడప దాటి లోపలికి రాలేదు. 2016 అక్టోబర్ 11న మహబూబ్‌నగర్ జిల్లాను పంచిన తీరు చూస్తే నాకు ఈ పంచాయితీయే గుర్తొస్తుంది. కలెక్టరేట్లు పంచుకున్నారు, జీపులు పంచుకున్నారు, ఫైళ్లు మూటలు కట్టి పంపుకున్నారు. ఆడపిల్లల చదువుకు రావలసిన బాకీ ఎంత, దాన్ని ఏ జిల్లా ఎంత మోయాలి అన్న ప్రశ్న ఆ పెద్దమనుషుల మధ్య వచ్చినట్టు నాకు ఎక్కడా కనిపించలేదు.

ఆ బాకీ చిన్నదేం కాదు. 1991 జనాభా లెక్కల ప్రకారం ఈ జిల్లాలో స్త్రీల అక్షరాస్యత 18 శాతం. 2011 నాటికి 44 శాతం దాటింది. అదే 2011లో జిల్లా మగవాళ్ల అక్షరాస్యత 65 శాతం. ఇరవై ఏళ్లు అక్షర దీక్షలు, బడిబాటలు, రకరకాల పథకాలు నడిచాక కూడా సగం మందికి పైగా ఆడవాళ్లు వేలిముద్ర దగ్గరే ఆగిపోయిన జిల్లా ఇది. అటువంటి జిల్లాను మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల అని నాలుగు ముక్కలు చేసి, కొన్ని మండలాలను రంగారెడ్డి, వికారాబాద్ జిల్లాల్లో కలిపారు. 2019లో నారాయణపేట కూడా విడిపోయింది.

ముక్కలు చేయడం తప్పని నేను అనడం లేదు. లింగాల మండలంలోని ఒక ఆడమనిషి కలెక్టరుకు అర్జీ ఇవ్వాలంటే ఒకప్పుడు అచ్చంపేట దాటి, కల్వకుర్తి దాటి మహబూబ్‌నగర్ పోవలసి వచ్చేది. బస్సు ఛార్జీలు, ఒక రోజు కూలి, తిరిగొచ్చేసరికి చీకటి. ఇప్పుడు నాగర్‌కర్నూల్ పోతే చాలు. అది మేలే, కాదనను. అయితే కలెక్టరు దగ్గరికొచ్చినంత మాత్రాన డబ్బు దగ్గరికి రాదు. మనం ఆ రెంటినీ ఒకటే అనుకున్నాం.

లింగాలను తీసుకుని చూద్దాం. మండలంలో ఒక వైపు మైదానపు ఊళ్లు, తండాలు. మరో వైపు నల్లమల. అప్పాపూర్ లాంటి చెంచు పెంటలు అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల ఉన్నాయి. కాగితం మీద అప్పాపూర్, లింగాల ఒకటే మండలం. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలు ఒక పద్దు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలు మరో పద్దు, గిరిజన సంక్షేమ శాఖ బడులు, ఆశ్రమ పాఠశాలలు ఇంకో పద్దు. ఈ మూడూ కలిపి లింగాల మండలంలో ఒక ఆడపిల్ల చదువు మీద ప్రభుత్వం ఏటా ఎంత ఖర్చు పెడుతున్నదో చెప్పగలిగే కాగితం ఏ ఒక్క ఆఫీసులోనూ ఉండదు. ఎవరి పద్దు వారిదే. జిల్లా చీలినప్పుడు మూడు పద్దులూ మూడు దారుల్లో, మూడు వేర్వేరు ఏళ్లలో చీలాయి.

ఇక్కడ కొంచెం నిదానంగా చూడాలి. 2016లో రెవెన్యూ జిల్లా చీలింది. జిల్లా పరిషత్ చీలలేదు. 2019 జూలైలో కొత్త పాలకవర్గాలు వచ్చేదాకా నాగర్‌కర్నూల్ జిల్లాలోని జెడ్పీ హైస్కూళ్లకు పెద్ద దిక్కు మహబూబ్‌నగర్ జెడ్పీయే. అంటే దాదాపు మూడేళ్లు కలెక్టరు ఒక చోట, పరిషత్ ఇంకో చోట. టీచర్ల సంగతి మరీ ఆలస్యం. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులకు అనుగుణంగా వాళ్లను కొత్త జిల్లాలకు కేటాయించింది 2021 డిసెంబర్ 6న వచ్చిన 317 జీవోతో. ఉమ్మడి జిల్లాకున్న టీచర్ల శిక్షణ సంస్థ, డైట్, మహబూబ్‌నగర్‌లోనే ఉండిపోయింది. మూడు సార్లు కత్తి పడింది. మూడు సార్లూ కొలబద్ద ఒకటే: తలల లెక్క. జనాభా ఎంత, బడిలో పేర్లు ఎన్ని, సీనియారిటీలో ఎవరు ముందు.

తలల లెక్క న్యాయంగా కనిపిస్తుంది. తలకింత అని పంచితే పక్షపాతం ఏముంది అంటారు అధికారులు. సమగ్ర శిక్ష కింద బడులకు ఇచ్చే కాంపోజిట్ గ్రాంటునే చూడండి. 2021 నుంచి ఉన్న నిబంధనల ప్రకారం 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు, వంద లోపుంటే 25,000, రెండు వందల యాభై దాకా 50,000, వెయ్యి దాకా 75,000. వెయ్యి మంది ఉన్న పట్నం బడిలో పిల్లకు 75 రూపాయలు పడితే, పాతిక మంది ఉన్న తండా బడిలో 400 రూపాయలు పడుతుంది గదా, మీకే ఎక్కువ ఇస్తున్నాం అని వాళ్ల వాదన. ఈ వాదన వినగానే మనవాళ్లు కూడా తడబడతారు.

తడబడనక్కర్లేదు. కరెంటు బిల్లు తలను బట్టి రాదు. బోరు మోటారు కాలిపోతే రిపేరు చేసేవాడు పాతిక మందే ఉన్నారని తగ్గించుకోడు, అచ్చంపేట నుంచి రానూపోనూ ఖర్చు కలిపి ఎక్కువే అడుగుతాడు. మరుగుదొడ్డి తలుపు విరిగితే పదిమంది ఆడపిల్లలకైనా వందమందికైనా తలుపు ఒకటే. పది వేలు పన్నెండు నెలలకు పంచితే నెలకు 833 రూపాయలు. అందులో సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు, నీళ్లు, చిన్నాచితకా రిపేర్లు. కనీసం పదో వంతు పరిశుభ్రతకు వాడాలని నిబంధన. అంటే ఏడాదికి వెయ్యి. నెలసరి మొదలైన పిల్ల ఆ బడిలో మధ్యాహ్నం దాకా ఎలా కూర్చుంటుందో ఆ నిబంధన రాసినవాళ్లు ఆలోచించారా? ఆ పిల్ల నెలకు నాలుగు రోజులు మానేస్తే, పై ఏడాది పేరు తీసేస్తే, బడిలో ఒక తల తగ్గుతుంది. తల తగ్గితే గ్రాంటు తగ్గే మెట్టు దగ్గరపడుతుంది. డబ్బు లేక పిల్లలు తగ్గడం, పిల్లలు తగ్గారని డబ్బు తగ్గించడం, చివరికి బడినే పక్క ఊరి బడిలో కలిపేయడం. విలీనం అయ్యాక పక్క ఊరికి నడిచేది ఎవరు? మగపిల్లవాడికి సైకిలు కొంటారు. ఆడపిల్లను మేకల వెంటో, పత్తి చేనులోకో, పెళ్లిపీటల మీదికో పంపుతారు.

ఇదే తర్కం ఇంకా పెద్ద ఎత్తున నడిచిన చోటు కూడా మన పక్కనే ఉంది. 'మన ఊరు మన బడి' పథకాన్ని అప్పటి ముఖ్యమంత్రి 2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభించారు. అంతర్జాతీయ మహిళా దినోత్సవం నాడు, బాలుర ఉన్నత పాఠశాలలో! దీనిమీద నేను వ్యాఖ్యానించను. పథకం లెక్కలు చూద్దాం. రాష్ట్రంలో 26,065 బడులు, మూడేళ్లలో 7,289 కోట్ల పైచిలుకు రూపాయలు. మొదటి విడతకు 9,123 బడులు. మండలాన్ని యూనిట్‌గా తీసుకుని, ఎక్కువ మంది పిల్లలున్న బడులను ముందు ఎంచుకున్నారు. మొత్తం బడుల్లో మూడో వంతే అయినా పిల్లల్లో 65 శాతం ఇందులోకే వస్తారని గొప్పగా చెప్పారు. మిగిలిన 35 శాతం పిల్లలు ఎవరు? తండాల వాళ్లు, చిన్న పల్లెల వాళ్లు. అటువంటి బడులకు వాటా రెండో విడతలోనో మూడో విడతలోనో రావాలి. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది. వరసలో చివర నిలబడ్డవాళ్ల వంతు వచ్చేసరికి దుకాణం కట్టేయడం మనకు రేషన్ షాపు దగ్గర అలవాటైన అనుభవమే.

టీచర్ల పంపకం సంగతి వేరే చెప్పాలా? 317 జీవో సీనియారిటీని కొలబద్ద చేసింది. సీనియర్లు కోరుకున్న చోటు పోయాక మిగిలినవి జూనియర్లకు. పాతికేళ్లు సర్వీసు చేసిన టీచరు పట్నం దగ్గర ఉండాలనుకోవడం తప్పు కాదు. అయితే ఈ పద్ధతిలో అడవి అంచు బడికి ఏ అనుభవం ఉన్న టీచరు కావాలి అన్న ప్రశ్నకు చోటే లేదు. భార్య ఒక జిల్లా, భర్త ఇంకో జిల్లా అయిన కుటుంబాల్లో పిల్లల్ని వెంటేసుకుని తిరిగింది ఎక్కువగా ఆడవాళ్లే. 13 జిల్లాల్లో స్పౌజ్ బదిలీలు ఆపేస్తే, 2023 జనవరిలో హైదరాబాద్‌లో విద్యాశాఖ డైరెక్టరేట్ ముందు పిల్లలతో సహా కూర్చున్న టీచర్లను పోలీసులు వ్యాన్లెక్కించారు. టీచరమ్మ కష్టం ఒకటి, పెంటలో పిల్ల కష్టం ఇంకొకటి అని విడదీసి చూసినన్నాళ్లు ఇద్దరూ ఓడిపోతూనే ఉంటారు.

డబ్బు తక్కువైన ప్రతి చోటా ఆ లోటును పూడ్చేది ఎవరి ఒళ్లు? కేజీబీవీల్లో రాత్రింబవళ్లు పిల్లల్ని చూసుకునే ఒప్పంద టీచర్లు ఆడవాళ్లు. 2024 డిసెంబర్‌లో సమగ్ర శిక్ష ఉద్యోగులు రాష్ట్రమంతటా సమ్మె చేశారంటే ఊరికే చేయలేదు. మధ్యాహ్న భోజనం వండేది ఆడవాళ్లు. వాళ్ల గౌరవ వేతనం 2009లో నెలకు వెయ్యి రూపాయలుగా నిర్ణయించారు. మూడు వేలు చేస్తామన్నది 2022లో. 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు మహిళా సంఘాల అధ్యక్షురాళ్లను చైర్‌పర్సన్లు చేశారు. అమ్మ పేరు పెట్టి పర్యవేక్షణ అప్పజెప్పారు. పర్యవేక్షణకు జీతం లేదు, బడ్జెట్ రాసే చోట కుర్చీ లేదు.

డబ్బు పంపకం అంటే పాలకులకు చేతకాదా? బాగా చేతనవును. 2014లో రాష్ట్రం చీలాక ఉన్నత విద్యామండలి బ్యాంకు ఖాతాలో డబ్బు ఎవరిదన్న తగువు హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా పోయింది. సంస్థ ఎక్కడుంటే డబ్బు అక్కడిదే అన్న వాదనను సుప్రీంకోర్టు 2016 మార్చిలో ఒప్పుకోలేదు. ఆస్తులు, అప్పులు 58.32, 41.68 నిష్పత్తిలో పంచుకోవాలంది, రెండు నెలల్లో మాట్లాడుకొమ్మంది, కుదరకపోతే కేంద్రం కమిటీ వేయాలంది. రెండు రాష్ట్రాలు దశాంశ స్థానాల దాకా కొట్లాడాయి. అదే ఏడాది అక్టోబర్‌లో జిల్లా చీలినప్పుడు ఒక్క దశాంశం గురించి కూడా ఎవరూ కోర్టు మెట్లెక్కలేదు. గద్వాల ముసాయిదాలో లేకపోతే జనం కొట్లాడి జిల్లా సాధించుకున్నారు. జిల్లా పేరు మీద ఉన్న ఆవేశంలో పావు వంతు బడి పద్దు మీద ఉండి ఉంటే!

అమెరికాలో ఈ తగువు తలకిందులుగా నడుస్తుంది. అక్కడ బడుల జిల్లాలు వేరే ఉంటాయి, వాటి డబ్బులో పెద్ద భాగం స్థానిక ఆస్తిపన్ను. అందుకని కలిగిన ఊళ్లు తమ డబ్బు తీసుకుని విడిపోతామంటాయి. అలబామాలో గార్డెన్‌డేల్ అనే ఊరు జెఫర్సన్ కౌంటీ బడుల నుంచి విడిపోవాలనుకుంటే, ఆ కోరికలో నల్లజాతి పిల్లల పట్ల వివక్ష ఉందని 2017లో జడ్జి తేల్చారు. 2018లో పై కోర్టు ఆ విడిపోవడాన్నే ఆపేసింది. విడిపోతే వెనక మిగిలిన పిల్లల గతేమిటి అని అక్కడ కనీసం కోర్టులో అడిగారు. మన దగ్గర కలిగినవాళ్లు విడిపోనక్కర్లేదు, లేనివాళ్లను విడదీసి జిల్లా ఇచ్చాం పొమ్మంటే సరిపోతుంది.

మన తప్పు కూడా ఒప్పుకోవాలి. మహిళా సమాఖ్య 1993లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనే. బడి మానేసిన ఆడపిల్లలకు మహిళా శిక్షణ కేంద్రాలు పెట్టి, ఏ ఊళ్లో ఏ పిల్ల ఎందుకు మానేసిందో సంఘం ఆడవాళ్లే చెప్పగలిగే స్థితి తెచ్చిన కార్యక్రమం అది. 2016లోనే కేంద్రం దానికి డబ్బు ఆపేసింది. పిల్లల అవసరాల లెక్క తెలిసినవాళ్లను ఇంటికి పంపిన ఏడే జిల్లాను చీల్చారు. మనం ఆ రెండు విషయాల మీద రెండు వేర్వేరు మీటింగులు పెట్టుకున్నాం. జిల్లాల పునర్విభజన రాజకీయ పార్టీల సంగతి, ఆడపిల్లల చదువు మన సంగతి అనుకున్నాం. 2016 ఆగస్టులో ముసాయిదా నోటిఫికేషన్ మీద అభ్యంతరాలకు నెల రోజులు గడువిస్తే, బడుల గురించి మనలో ఎంతమందిమి రాశాం? నేనూ రాయలేదు.

ఇప్పుడు అడగవలసింది దయతో కూడిన అదనపు గ్రాంటు కాదు. చీలికకు ముందు ఏ మండలానికి ఎంత బాకీ ఉందో తేల్చి, ఆ బాకీని బట్టి వాటా వేయమనాలి. తలలతో పాటు దూరాన్ని లెక్కపెట్టాలి. చట్టం ప్రకారం కిలోమీటరు లోపు ప్రాథమిక బడి, మూడు కిలోమీటర్ల లోపు ప్రాథమికోన్నత బడి ఉండాలి. లేని చోట హాస్టలుకో రవాణాకో డబ్బు ముందు తీసి పక్కన పెట్టాలి. చిన్న బడికి కనీస ఖర్చు పిల్లల సంఖ్యతో పని లేకుండా ఇవ్వాలి. మూడు శాఖల పద్దులూ కలిపి మండలం వారీగా ఏటా అచ్చేసి, గ్రామసభలో చదవాలి. డబ్బు లేదంటారు. 2024-25 రాష్ట్ర బడ్జెట్‌లో విద్యకు 7.3 శాతం పెట్టారు. పదిహేను శాతం ఇస్తామని ఎన్నికల ప్రణాళికలో రాసుకున్నవాళ్లే అధికారంలో ఉండి పెట్టిన బడ్జెట్ అది.

ఆలోగా ఒక పని మన చేతుల్లో ఉంది. 2016 నుంచి ఏటేటా తమ మండలంలోని ఒక్కొక్క బడికి ఏ పద్దు కింద ఎంత వచ్చింది, ఆడపిల్లలు ఎంతమంది ఏ తరగతిలో మానేశారు, టీచరు పోస్టులు ఎన్ని ఖాళీ అని లింగాల నుంచి, పదర నుంచి, గట్టు నుంచి, పాన్‌గల్ నుంచి సంఘాల ఆడవాళ్లు సమాచార హక్కు చట్టం కింద అడగాలి. ఒకే ప్రశ్న, ఒకే నెలలో, అన్ని మండలాల నుంచీ. అప్పుడు ఆ జిల్లాలన్నిటి కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు. దరఖాస్తు రుసుం జిల్లా ఆఫీసులో పది రూపాయలు, మండలంలో ఐదు. ఊళ్లో అడిగితే ఏమీ లేదు.