రాయడం ఒక్కరోజు పని.. నిలబెట్టడమే ఉద్యోగం

నోటిఫికేషన్‌కు రేపే చివరి తేదీ. రాత్రి పదింటికి నెట్ సెంటర్‌లో కూర్చున్నారు. వివరాలన్నీ నింపారు, ఫొటో ఎక్కించారు. చివరి బటన్ నొక్కితే మాత్రం ఏమీ జరగట్లేదు. ఏంటా అని 'సూచనలు' పీడీఎఫ్ తెరిస్తే మొదటి లైన్‌లోనే ఉంది: 'ఈ సైట్‌ను ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే తెరవండి'. మీరు సెంటర్ అబ్బాయి మొహం చూస్తారు, అతను మీ మొహం చూస్తాడు.

విండోస్ 10 సాధారణ ఎడిషన్లలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న మద్దతు ఆపేసింది. విండోస్ 11లోనైతే దాన్ని విడిగా తెరిచే వీలే లేదు. ఎడ్జ్ బ్రౌజర్‌లో 'ఐఈ మోడ్' అని ఒకటుంది, పాత సైట్ల కోసం అదొక్కటే దారి. కనీసం 2029 వరకు దాన్ని కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది కూడా. కానీ ఈ ముక్క ఆ పీడీఎఫ్‌లో లేదు. అది రాసినాయన అబద్ధం రాయలేదు. రాసిన రోజున అది నిజమే. తర్వాత దాన్ని తెరిచి చూసినవాళ్లే లేరు.

ఇంజినీరింగ్ చదివే మనకు కోడ్ రాయడం నేర్పుతారు. రికార్డు రాయడం కూడా నేర్పుతారు, సంతకం కోసం. కానీ ఒక సాఫ్ట్‌వేర్ ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద, ఏ బ్రౌజర్‌లో పనిచేస్తుందో రాసిపెట్టి, అవి మారినప్పుడల్లా ఆ రాతను సరిదిద్దుతూ ఉండటం కూడా ఒక పనేనని ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు. ఒక ఫోన్ కాల్ చెప్పింది.

తాళం పోయింది బాబూ!

మాదాపూర్‌లోని ఓ చిన్న కంపెనీలో నా మొదటి ఉద్యోగం. షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చేవాళ్లం, బ్రౌజర్‌లోనే నడిచేది. కస్టమర్ల కోసం యూజర్ గైడ్ రాసే పని నాకిచ్చారు. కోడింగ్ ఇవ్వకుండా ఇదేంటని లోపల బాధే. అయినా రెండు రోజులు కూర్చుని స్క్రీన్‌షాట్లతో ముచ్చటగా పన్నెండు పేజీలు చేశాను. అందులో రెండు మాటలు ఇవి: 'బిల్లు ప్రింట్ కాకపోతే అడ్రస్ బార్‌లో తాళం గుర్తు మీద నొక్కి పాప్-అప్‌లకు అనుమతి ఇవ్వండి'. 'తాళం గుర్తు కనిపించకపోతే పాస్‌వర్డ్ కొట్టొద్దు, సైట్ నకిలీది కావచ్చు'. మేనేజర్ బాగుందన్నారు. ఫైల్ మూసేశాను. మళ్లీ తెరవలేదు.

2023 సెప్టెంబర్‌లో క్రోమ్ 117 వచ్చింది. కంప్యూటర్లలో అడ్రస్ బార్ పక్కన ఏళ్లుగా ఉన్న తాళం గుర్తును గూగుల్ తీసేసి, సెట్టింగ్స్‌ను సూచించే రెండు గీతల గుర్తు పెట్టింది. కారణం కూడా ముందే చెప్పింది. తాళం అంటే కనెక్షన్‌ను మధ్యలో ఎవరూ చదవలేరని మాత్రమే అర్థం. జనం దాన్ని 'సైట్ నమ్మదగినది' అనుకుంటున్నారు. మోసం చేసే సైట్లకూ ఆ తాళం దొరుకుతోంది కాబట్టి ఆ గుర్తే తప్పుదారి పట్టిస్తోందన్నది వాళ్ల వాదన. ఈ మార్పు గురించి మే నెలలోనే ప్రకటించారు. అంటే నా దగ్గర నాలుగు నెలల టైముంది. నేను చూడలేదు.

ఖమ్మం నుంచి ఓ మందుల హోల్‌సేల్ షాపాయన ఫోన్ చేశారు. "బాబూ, తాళం పోయింది! మా సిస్టమ్‌లోకి ఎవరో దూరారు" అన్నారు. ఏ తాళం సార్ అంటే, మా గైడ్ ఐదో పేజీ చదివి వినిపించారు. తాళం లేకపోతే పాస్‌వర్డ్ కొట్టొద్దని మేమే రాశాం కాబట్టి పొద్దున్నుంచి కొట్టలేదట. కౌంటర్ ముందు జనం, చేత్తో బిల్లులు. మా ఆఫీసులో చూస్తే కొన్ని సిస్టమ్స్ ఇంకా అప్‌డేట్ కాలేదు, వాటిలో తాళం అలాగే ఉంది. అందుకే మాకు తెలియనే లేదు. "సార్, బ్రౌజర్ మారింది, సైట్ బాగానే ఉంది" అని నచ్చజెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చివర్లో ఆయన ఒక్క మాటన్నారు: "మరి పుస్తకంలో అట్ల రాశారేంది బాబూ?"

ఆయన చేసిన తప్పేమీ లేదు. మేం రాసింది రాసినట్టు పాటించారు. గైడ్ అసలు లేకపోతే నేరుగా ఫోన్ చేసేవారు, రెండు నిమిషాల్లో అయిపోయేది. పాతబడిన గైడ్ ఉండటం వల్ల సగం రోజు వ్యాపారం పోయింది. తప్పు గైడ్ కంటే గైడ్ లేకపోవడమే నయమని ఆరోజు అర్థమైంది.

నేల కదులుతూనే ఉంటుంది

మనం రాసింది మారకపోయినా, దాని కింద నేల మారుతుంది. 2021 నుంచి క్రోమ్ ఆరు వారాలకు బదులు నాలుగు వారాలకోసారి కొత్త వెర్షన్ ఇచ్చే పద్ధతికి మారింది. విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి. 2019లో వచ్చిన మ్యాక్ ఓఎస్ కాటలీనాలో 32-బిట్ అప్లికేషన్లు పనిచేయడం మానేశాయి. 2020 డిసెంబర్ 31తో అడోబీ ఫ్లాష్‌కు మద్దతు ముగిసింది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10 వంతు వచ్చింది. ఇలాంటి ప్రతి తేదీకీ ఎక్కడో ఒక గైడ్‌లో ఒక లైన్ అబద్ధమవుతుంది.

పైకి ఎంతో మామూలుగా కనిపించే వాక్యాలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఈ మూడు చూడండి.

'లేటెస్ట్ క్రోమ్ వాడండి' అని రాస్తాం. విండోస్ 7, 8.1లకు క్రోమ్ 109తోనే ఆగిపోయింది. ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి తనది లేటెస్టే అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ అంతకు మించి అప్‌డేట్ రాదు. 'క్రోమ్ ఫలానా వెర్షన్, ఆపైన. విండోస్ 7లో పనిచేయదు' అని రాస్తేనే ఆయనకు విషయం తెలుస్తుంది.

'క్రోమ్‌లో టెస్ట్ చేశాం' అంటాం. మన దగ్గర ఐఫోన్‌లో క్రోమ్ అని పేరున్నా, లోపల పేజీని చూపించేది సఫారీ వాడే వెబ్‌కిట్ ఇంజినే. ల్యాప్‌టాప్ క్రోమ్‌లో బాగున్న ఫారం ఐఫోన్ క్రోమ్‌లో కూడా బాగుంటుందని హామీ లేదు.

'యూజర్‌ది విండోస్ 10' అని సపోర్ట్ టికెట్‌లో పడుతుంది. బ్రౌజర్ తన గురించి సైట్‌కు పంపే యూజర్ ఏజెంట్ వాక్యంలో విండోస్ 11 అయినా 'విండోస్ ఎన్‌టీ 10.0' అనే ఉంటుంది. దాన్ని నమ్మి డాక్యుమెంట్ రాస్తే, లేని సమస్యను వెతుకుతూ కూర్చుంటాం.

ఇవి పెద్ద రహస్యాలేం కావు. తెలిసినవాళ్లకు తెలుసు. కానీ తెలిసినవాళ్లు రాసిపెట్టకపోతే, ప్రతి కొత్త ఉద్యోగి వీటిని మళ్లీ కిందపడి నేర్చుకోవాల్సిందే.

2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్‌తో ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. హైదరాబాద్ నుంచి బయల్దేరిన ఓ ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో అప్పుడు దేశమంతా తిరిగింది. మందు చిన్నదే: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైల్ తీసేయాలి. కానీ డిస్క్‌కు బిట్‌లాకర్ రక్షణ ఉన్న సిస్టమ్‌లలో అక్కడికి వెళ్లాలంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. అది ఎక్కడుంది? ఎవరి దగ్గరుంది? ఈ ప్రశ్నకు జవాబు ముందే రాసిపెట్టుకున్న ఆఫీసులో ఆరోజు పని ఒకలా ఉంటుంది, రాసుకోని ఆఫీసులో ఇంకోలా ఉంటుంది. ఆ జవాబు కోడ్‌లో దొరకదు, డాక్యుమెంట్‌లోనే దొరకాలి.

మంచి డాక్యుమెంట్ ఎలా ఉంటుంది?

ఖమ్మం ఫోన్ కాల్ తర్వాత నేను పెట్టుకున్న పద్ధతులివి. వీటికి కోర్సులు అక్కర్లేదు.

మొదటిది, పైనే తేదీ. 'చివరిసారి పరీక్షించింది' అని తేదీ, ఓఎస్ వెర్షన్, బ్రౌజర్ వెర్షన్ రాయాలి. రాసిన తేదీ వేరు, పరీక్షించిన తేదీ వేరు. చదివేవాళ్లకు రెండోదే కావాలి.

రెండోది, మూడు గడులు. 'పరీక్షించాం, పనిచేస్తుంది', 'పరీక్షించాం, పనిచేయదు', 'పరీక్షించలేదు'. చాలామంది మూడో గడి రాయడానికి సిగ్గుపడతారు. నిజానికి మీ నిజాయతీ కనిపించేది అక్కడే.

మూడోది, గుర్తు పేరు చెప్పి వదిలేయొద్దు, చోటు చెప్పండి. 'తాళం నొక్కండి' అనే బదులు 'సైట్ అడ్రస్‌కు ఎడమ పక్కనున్న గుర్తు నొక్కండి' అని ఉంటే ఆరోజు మా గైడ్ బతికేది. గుర్తులు మారినంత తేలిగ్గా చోట్లు మారవు.

నాలుగోది, మారే విషయాలన్నీ ఒకేచోట. వెర్షన్ నంబర్లు పన్నెండు పేజీల్లో చల్లితే సరిదిద్దేటప్పుడు రెండు మిగిలిపోతాయి. ఒకే పట్టికలో పెట్టి, మిగతా పేజీల్లో 'పట్టిక చూడండి' అనండి.

ఐదోది, క్యాలెండర్. క్రోమ్ బీటా వెర్షన్ అసలు వెర్షన్ కంటే కొన్ని వారాల ముందే దొరుకుతుంది. నెలకో గంట కేటాయించి బీటాలో మీ గైడ్‌ను మొదటి అడుగు నుంచి చివరి దాకా నొక్కుకుంటూ వెళ్లండి. ఏ అడుగు దగ్గర ఆగిపోయారో ఆ లైన్ మార్చాలి.

ఇది ఏఐ చేసేస్తుంది కదా అని మీరు అడగొచ్చు. రాయడం వరకు నిజంగానే చేస్తుంది, నాకంటే వేగంగా. కానీ తాళం గుర్తు గురించి ఏళ్ల తరబడి రాసిన పాత పేజీలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. వాటి నుంచి నేర్చుకున్న టూల్ 'తాళం నొక్కండి' అని చక్కటి భాషలో రాసివ్వొచ్చు. ఇవాళ మీ ముందున్న స్క్రీన్ మీద తాళం ఉందో లేదో నొక్కి చూసి, 'నేను చూశాను' అని పేరూ తేదీ పెట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ బాధ్యతకే జీతం.

మీకేంటి లాభం?

ఉన్నమాట చెప్పుకోవాలి. టెక్నికల్ రైటర్ అన్న పేరుతో ఉండే పోస్టులు డెవలపర్ పోస్టులంత ఉండవు. ఇది నేర్చుకుంటే ఉద్యోగం ఖాయమని నేను చెప్పను. కానీ టెస్టింగ్, సపోర్ట్, సిస్టమ్ అడ్మిన్, డెవలప్‌మెంట్.. ఎందులో చేరినా మొదటి ఆర్నెల్లలో మీ చేతికొచ్చే పనుల్లో ఇదొకటి. దాన్ని శిక్షలా చేసేవాళ్లు, నేనూ అలాగే చేశాను, ప్రొడక్ట్‌ను సగమే నేర్చుకుంటారు. శ్రద్ధగా చేసేవాళ్లకు ప్రొడక్ట్ ఎక్కడ విరుగుతుందో టీమ్‌లో అందరికంటే ముందు తెలుస్తుంది.

కంపెనీలకూ ఒక మాట. రిలీజ్ చెక్‌లిస్ట్‌లో కోడ్‌కు గడి ఉంది, టెస్టింగ్‌కు గడి ఉంది. డాక్యుమెంట్‌కు గడి లేకుండా, టైమూ ఇవ్వకుండా, కొత్తగా చేరిన కుర్రాడి మీద పడేసి, తర్వాత కస్టమర్ ఫోన్ చేస్తే అతన్ని నిలదీయడం న్యాయం కాదు.

అనుభవం లేదని బాధపడే మీకు ఇక్కడ తెరిచిన తలుపు ఒకటుంది. ప్రపంచంలోని వెబ్ డెవలపర్లు చూసే ఎండీఎన్ వెబ్ డాక్స్‌లో, ఏ ఫీచర్ ఏ బ్రౌజర్‌లో ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో చెప్పే పట్టికలు ఉంటాయి. వాటి డేటా గిట్‌హబ్‌లో అందరికీ తెరిచి ఉంది. తప్పు కనిపిస్తే ఆధారం చూపించి ఎవరైనా సవరణ పంపొచ్చు, సీనియర్లు పరిశీలించి చేర్చుకుంటారు. 'కెన్ ఐ యూజ్' సైట్ కూడా ఈ డేటాను వాడుకుంటుంది. ఒక్క అంకె సరిదిద్దినా అది మీ పేరు మీద, అందరూ చూడగలిగే చోట ఉంటుంది. ఇంటర్వ్యూలో 'గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్' అని రెజ్యూమెలో రాసుకున్న లైన్ కంటే ఆ లింక్ గట్టిగా మాట్లాడుతుంది.

అంత దూరం వద్దనుకుంటే ఇంటి దగ్గరే మొదలుపెట్టండి. మీ కాలేజీ ఫీజు కట్టే సైట్ తీసుకోండి. ఒక విండోస్ ల్యాప్‌టాప్, ఒక ఆండ్రాయిడ్ ఫోన్, దొరికితే స్నేహితుడి ఐఫోన్, ల్యాబ్‌లోని పాత సిస్టమ్.. ఈ నాలుగింటిలో ఫీజు పేజీ దాకా వెళ్లి చూడండి. ఎక్కడ ఆగిందో, ఎలా దాటారో ఒకే పేజీలో తెలుగులో రాసి జూనియర్లకు ఇవ్వండి. పైన తేదీ వేయండి. వచ్చే నెల అదే తారీఖున మళ్లీ తెరిచి, ప్రతి అడుగూ నొక్కి చూసి, మారింది మార్చి, కొత్త తేదీ వేయండి. మూడు నెలలు ఇలా చేశాక ఆ పేజీ పట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్లండి. ఏం రాశారన్న దానికంటే, మూడుసార్లు ఎందుకు మార్చారని వాళ్లు అడిగితే, చెప్పడానికి మీ దగ్గర చాలా ఉంటుంది.