క్రీడా ప్రసారములలో నియమజ్ఞుని స్థానము

2022వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన ఖతార్ దేశమున జరిగిన ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలలో జపాను జట్టు స్పెయిను జట్టును ఓడించెను. జపానువారు చేసిన రెండవ గోలునకు ముందు బంతి గీత దాటి బయటికి పోయినదని టెలివిజనులో చూచిన అనేకులు నమ్మిరి. నమ్ముటలో వారి తప్పేమియు లేదు. తెరమీది బొమ్మలో బంతికిని తెల్లగీతకును నడుమ పచ్చిక కనబడుచుండెను. అయినను వీడియో సహాయకులు పరిశీలించిన పిమ్మట గోలు చెల్లినది. దాని ఫలితముగా జర్మనీ వంటి జట్టు పోటీలనుండి నిష్క్రమింపవలసి వచ్చెను. లోకమంతట గగ్గోలు పుట్టెను. మోసమను మాటయు వినబడెను. మరునాడు ఫీఫావారు వేరొక కోణమునుండి తీసిన చిత్రములను ప్రకటించి కారణము వివరించిరి.

కారణము చిన్నది. బంతి బయటికి పోయినదనుటకు బంతి యొక్క సర్వభాగమును గీత యొక్క సర్వభాగమును దాటవలెను. బంతి నేలను తాకిన చోటు లెక్కకు రాదు. నిట్టనిలువుగా పైనుండి చూచినపుడు బంతి అంచు వెండ్రుకవాసియైనను గీతపై నిలిచియున్నచో బంతి ఆటలోనే యున్నట్లు. ఇది రెండు వాక్యముల సంగతి. మరునాడు చెప్పిన ఈ రెండు వాక్యములను ఆ క్షణముననే చెప్పగల మనుష్యుడు ప్రసారశాలలో కూర్చుండవలెనా, అక్కరలేదా? ఇదియే నేటి మా ప్రశ్న. తప్పక కూర్చుండవలెనని మా యభిప్రాయము.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల రైతులకు ఈ చిక్కు తెలియనిది కాదు. గట్టు తగవులో ఒక చేనినుండి చూచినవానికి హద్దురాయి ఒకచోటను, ఎదుటి చేనినుండి చూచినవానికి మరియొకచోటను నిలిచినట్లుండును. సర్వేయరు వచ్చి గొలుసు వేసి, ‘హద్దు ఇది’ యని చెప్పి బండి యెక్కిపోయినంత మాత్రమున తగవు తీరదు. టిప్పను విప్పి చూపి, సేత్వారులోని విస్తీర్ణము చదివి వినిపించి, ఏ రాయినుండి కొలత మొదలిడినదియు చెప్పినగాని ఓడినవాడు ఇంటికి పోయి నిద్రింపడు. గెలిచినవాడు కారణమడుగడు; ఓడినవానికి కారణమే కావలెను.

ఈ పద్ధతి అమెరికాలో వేళ్లూనినది. అచటి ఫుట్‌బాల్ ప్రధానముగా చేతులతో ఆడు ఆట, పేరెట్లు నిలిచినదో వారికే తెలియును! దాని నిబంధనలు మిక్కిలి చిక్కైనవి. 2010లో ఫాక్సు సంస్థవారు, ఆ దేశపు వృత్తి ఫుట్‌బాల్ లీగులో రిఫరీలపై అధికారిగా పనిచేసిన మైక్ పెరీరాను తమ ప్రసారములలో చేర్చుకొనిరి. సందేహాస్పదమైన నిర్ణయము వచ్చినపుడెల్ల వ్యాఖ్యాతలు ఆయనను పిలుచుట పరిపాటియయ్యెను. ఇతర సంస్థలును అదే మార్గమును పట్టినవి. ఇంగ్లండులో మాజీ రిఫరీలు పీటర్ వాల్టన్, డెర్మాట్ గాలహర్ వంటివారు టెలివిజనులో ఈ పనియే చేసిరి.

పూర్వపు ఆటగాండ్రు వ్యాఖ్యాతలుగా నుండగా వేరొకడేల యని కొంద రడుగుదురు. ఆడుట వేరు, ఆట యొక్క ధర్మము నెరుగుట వేరు. ఇరువది యేండ్లు ఆడినవాడును తాను ఆడిన కాలపు నిబంధనమునే మనసున నిలుపుకొని మాటలాడుచుండును. ఆఫ్‌సైడు నిబంధన 1925లోను 1990లోను మారినది. పెనాల్టీ సమయమున గోలుకీపరు పాదములనుగూర్చిన నిబంధన 2019లో మారినది. నాటినుండి ఒక్క పాదమైనను గీతపై నున్న చాలును. 2022 మార్చి 20వ తేదీన గోవాలో హైదరాబాదు జట్టు పెనాల్టీలలో కేరళను గెలిచి ఇండియన్ సూపర్ లీగ్ కప్పును తెచ్చినపుడు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు తన్నులను ఆపెను. మనవారు హర్షించిరి. అతని పాదమెక్కడ నుండవలెనో హర్షించినవారిలో ఎందరికి తెలియునని అడిగిన మాకును సిగ్గే.

ఇంతకంటె బాధాకరమైన ఉదాహరణము మరుసటి యేడే కలిగినది. 2023 మార్చి 3వ తేదీన బెంగుళూరులో బెంగుళూరు, కేరళ జట్లు తలపడెను. నియమిత కాలమున ఎవరికిని గోలు లేదు. అదనపు సమయమున 96వ నిమిషమున సునీల్ ఛెత్రీ, కేరళవారు అడ్డుగోడ కట్టుకొనక మునుపే ఫ్రీకిక్కును తన్ని గోలు చేసెను. రిఫరీ అంగీకరించెను. కేరళ శిక్షకుడు ఇవాన్ వుకొమనోవిచ్ తన ఆటగాండ్రను మైదానమునుండి పిలుచుకొనిపోయెను. ఆట బెంగుళూరుదైనది, కేరళవారి ఫిర్యాదు త్రోసివేయబడెను. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యవారు కేరళ క్లబ్బునకు 4 కోట్ల రూపాయల జుల్మానాయు, శిక్షకునకు పది ఆటల నిషేధమును విధించిరి.

‘ఈల ఊదక తన్నిన గోలు ఎట్లు చెల్లును?’ అని ఆనాడు వేలకొలది జనులు కేకలు వేసిరి. ఫ్రీకిక్కునకు ప్రతిసారియు ఈల అక్కరలేదు. తప్పు చేసిన పక్షము సర్దుకొనక మునుపే వేగముగా తన్నుట దెబ్బతిన్న పక్షమునకు నిబంధనలిచ్చిన హక్కు. అయితే దూరము కొలుచుటకో, పసుపు కార్డు చూపుటకో రిఫరీ ఆటను నిలిపియుంచినచో ఈల వచ్చువరకు ఆగవలెను. కావున విచారింపవలసిన ప్రశ్న ఒక్కటే: రిఫరీ ఆగుమని సంజ్ఞ చేసెనా, లేదా? నియమజ్ఞుడొకడు అప్పుడే ఈ మాట చెప్పి, ఆ క్షణపు చిత్రమును మరల చూపుమని యడిగియున్నచో మైదానములోని శిక్షకుడు ఆగియుండెడివాడని మేమనము. కాని ఇండ్లలో కూర్చున్న జనులు ఈలను విడిచి సంజ్ఞను వెదకియుందురు.

ఈ పద్ధతికి ఒక దోషము కలదు. దానిని దాచుట న్యాయము కాదు. నియమజ్ఞుడుగా వచ్చువాడు సాధారణముగా మాజీ రిఫరీ. నిన్నటివరకు ఒకే బంతిన భోంచేసిన సోదరుని తప్పును నేడు లోకమునకు చాటుటకు నోరు రాదు. ‘కఠినమైన నిర్ణయము, అయినను సమర్థనీయము’ అని గొణిగి తప్పించుకొనును. అట్టివాడు ప్రేక్షకునకు గురువు కాడు, కులపెద్దకు వకీలు. 2023 సెప్టెంబరు 30వ తేదీన లండనులో లివర్‌పూల్ జట్టు చేసిన న్యాయమైన గోలు వీడియో సహాయకుల పొరపాటున చెల్లకపోయెను. మైదానమున గోలు ఇచ్చిరని భ్రమించి వారు ‘సరియే’ ననిరి. రిఫరీల సంస్థవారే తప్పొప్పుకొని, కొన్ని దినముల పిమ్మట వారి సంభాషణను బయటపెట్టిరి. అట్టి సమయమున, ‘ఇది తప్పు’ అని ఒక్క నిమిషములో చెప్పగలవానికే ఆ కుర్చీ తగును. రీప్లే చూడక మునుపే నిబంధనను చదివి వినిపించి, ఆ మీదట తన తీర్పు చెప్పి, అది తప్పైనచో తానే యొప్పుకొనవలెను.

మరియొక సంగతి భాషది. ఫుట్‌బాల్ నిబంధనలను సవరించు సంఘము 1886లో ఏర్పడినది. దానిలో నాలుగు బ్రిటిషు సంఘములకు నాలుగు వోట్లు, తక్కిన ప్రపంచమునకంతకు ఫీఫా ద్వారమున నాలుగు వోట్లు. ఆ బల్లయొద్ద మనకు సొంత వోటు లేదు. అచట పుట్టు వాక్యమును మన నుడిలో వినుటకైనను నోచుకొనవలదా? 2018లో తెలుగున క్రీడలకే ప్రత్యేకమైన చానలు వెలసినది. ఉత్సాహముగల వ్యాఖ్యాతలు వచ్చిరి. నియమజ్ఞుని పీఠమును మాత్రము తెలుగున మేమింకను చూడలేదు.

విద్వద్గద్వాల యని పేరొందిన నేల మనది. సంస్థానముల సభలలో అష్టావధానము జరుగునపుడు నిషిద్ధాక్షరి యొక్క కష్టము వచ్చిన జనులందరికి తెలియదు. ప్రక్కన కూర్చున్న పండితుడు ఏ యక్షరము నిషేధింపబడినదియు, కవి దాని నెట్లు తప్పించుకొన్నదియు చెప్పినపుడే వెనుక వరుసవాడును ‘సెబా’సనును. ఆ పండితుడు కవికిని పృచ్ఛకునకును బంధువు కాకుండుట మేలు.

చెడుగుడు మన పిల్లలకు ఒంటితో నేర్చిన ఆట. అందు తగవు వచ్చిన వారే తీర్చుకొందురు. ఫుట్‌బాల్ సంగతి యట్లు కాదు. మన తాలూకాలలో దానిని తెరమీద చూచియే నేర్చినవారు మెండు; తెరమీది మాటయే వారికి శాస్త్రము. తెలుగు చానలువారు ఇందుకై లండనునుండి ఎవరిని రప్పింప నక్కరలేదు. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా నుండి, 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున భారత జట్టును నాలుగవ స్థానమునకును, 1962లో జకార్తాలో స్వర్ణపతకమునకును నడపిన నగరము హైదరాబాదు. ఆ నగరమున ఈల పట్టి వయసు గడపినవారు, తెలుగు మాటలాడువారు దొరకకపోరు. ఒకరిని పిలిచి, వచ్చు ప్రపంచ పోటీలకు ముందే నిబంధనల ప్రతిని చేతికిచ్చి కూర్చుండబెట్టవలెను. జీతము ఒక వ్యాఖ్యాతకు ఇచ్చినంత ఇచ్చిన చాలును.