ఒప్పించుటయే బలము

ఒప్పించుట మితవాదుల పని యనియు, అతివాదులకు కావలసినది కార్యమే గాని మాట కాదనియు నొక యభిప్రాయము మన యువకులలో చిరకాలముగా నాటుకొని యున్నది. వినతిపత్రములు వ్రాసి ప్రత్యుత్తరములకై కనిపెట్టుకొని యుండుటయే ఒప్పించుట యైనచో వారి యసహనము న్యాయమే. కాని ఏలినవారిని వేడుకొనుట వేరు. ఇరుగుపొరుగువారిని ఒప్పించుట వేరు. మొదటిదానిని విడిచిపెట్టిన యుద్యమమునకు రెండవదానితో పని మరింత హెచ్చగును. ఇందుకు నిదర్శనమును దూరదేశములలో వెదుకనక్కరలేదు. చీరాల పేరాలల చరిత్ర చాలును.

ఆ రెండూళ్లను కలిపి మద్రాసు ప్రభుత్వమువారు పురపాలకసంఘముగా చేసిన పిమ్మట, ఏటికి సుమారు 4,000 రూపాయలుగా నుండిన పన్ను 40,000 రూపాయలకు చేరువయ్యెను. నేతగాండ్రు మొదలగు చేతిపనివారు నివసించు నా యూళ్లకది మోయరాని భారము. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి ప్రజల యెదుట రెండు మార్గములుంచెను. పన్ను చెల్లింపక శాంతముగా శిక్షలకు సిద్ధపడుట యొకటి; పురపాలకసంఘపు ఎల్లలు దాటి ఊరు విడిచిపోవుట రెండవది. కాంగ్రెసునుండి ధనసహాయము నాశింపవలదనియు స్పష్టముగా చెప్పెను. సుమారు 15,000 మందిలో ఇంచుమించు 13,000 మంది రెండవ మార్గమునే చేపట్టి, ఊరి వెలుపల పాకలు వేసికొని, ఆ చోటికి రామనగరమని పేరిడి, 11 నెలలు కాపురముండిరి.

ఇల్లు విడుచుట సభలో చేయి యెత్తుటవంటిది కాదు. మగ్గము కదలవలెను, పసిబిడ్డను ఎండలో నెత్తుకొని పోవలెను, ముదుసలి తల్లి సమ్మతింపవలెను. ఈ పనిని కర్ర చేతబట్టి చేయింపగలమా? ఒకనాడు చేయింపవచ్చును, 11 నెలలు చేయింపజాలము. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఎడింబరోలో చదివి వచ్చినవారు. అయినను చీరాల ప్రజలతో నచ్చటి భాషలో మాటలాడలేదు. తమ స్వచ్ఛందసేవకులకు రామదండు అని పేరిడిరి. పాటను, పద్యమును ప్రచారమునకు సాధనములుగా చేసికొనిరి. రామదండు, రామనగరము అను పేర్లు వినినంతనే అడవికి బయలుదేరిన రాజకుమారుని కథ ప్రతి యిల్లాలికిని స్ఫురించును. కొత్త త్యాగమును పాత భాషలో నడిగిరి. జనులు లేచి నడచిరి.

ఆ యుద్యమము తుదకు ఓడిపోయెను గదా యని కొందరాక్షేపింతురు. నిజమే. గోపాలకృష్ణయ్యగారు బరంపురములో నిర్బంధింపబడి యొక సంవత్సరము చెరకు పోయిరి, ధనము చాలలేదు, జనులు మరల ఇండ్లకు చేరిరి. దీనిని దాచి చెప్పువాడు ఒప్పించువాడు కాడు, మభ్యపెట్టువాడు. ఒప్పించుట విజయమునకు హామీ కాదు. కాని దానిని విడిచిన మార్గమెట్టిదో అదే కాలమున చూచితిమి. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనసమూహము పోలీసు ఠాణాకు నిప్పు పెట్టి యందలివారిని చంపగా, మహాత్ముడు సత్యాగ్రహమును నిలిపివేసెను. ఒకచోట 11 నెలల యోర్పును లేమి ఓడించెను. వేరొకచోట ఒక్కపూట ఆగ్రహము దేశపు టోర్పునంతయు ఓడించెను.

మాకు ముఖ్యముగా తోచునది వేరొకటి గలదు. 13,000 మంది వెడలిరని గర్వముగా చెప్పుకొందుము. వెడలనివారిని గూర్చి తలపము. ఎట్టి యుద్యమమునందైనను వెనుక నిలుచువారిలో రోగులుందురు, భీరువులుందురు, రేపటి కూలికై చూచుకొనువారుందురు, ఆ మార్గమే తప్పని నిజముగా నమ్మువారును ఉందురు. వారియెడ మనము నడచుకొను తీరే మనకు పరీక్ష. వారిని ద్రోహులని పిలిచి, నీరు నిప్పు లేకుండ చేసితిమా, మనమెదిరించు దొరతనపు పద్ధతియే మన పద్ధతి యగును. న్యాయస్థానములలో మేమెరిగిన సత్యమొకటి: ఎదుటిపక్షమును దూషించి వ్యాజ్యము గెలిచినవా డరుదు. న్యాయాధిపతి మనసులోని శంకను కనిపెట్టి దానికి సమాధానము చెప్పినవాడే గెలుచును. అందులకు ముందుగా నా శంకను వినవలెను.

నేడు చేతిలోని ఫోనునుండి యొక మాట నిమిషములో వేలమందికి చేరుచున్నది. చేరుట వేరు, నాటుట వేరు. భూమికొరకును, కూలికొరకును, కులవివక్షపై నను పోరాడువారు నేడును గలరు. వారి కోరికలు న్యాయమైనవే. కాని వారిలో కొందరు తమవారికే తమ మాట వినిపించుకొని, సందేహించువానిని వెక్కిరించి తృప్తిపడుచున్నారు. అది శౌర్యము కాదు, శ్రమనుండి తప్పించుకొనుట.

పఠనమందిరమున నీ పుటను చదువు మిత్రులకు మా మనవి యొక్కటే. మీ వీధిలో మీ మాట నొప్పుకొనని యొక్కని యింటికి ఈ వారము పొండు. మొదట వినుడు, తరువాత చెప్పుడు. అతడొప్పుకొనకున్నను మరల పోవుటకు వీలగునట్లు మాటలాడి రండు. నోరు మంచిదైన ఊరు మంచిదగునని పెద్దలనిరి. ఊరు కదలవలెనన్నను ఆ నోరే కావలెను.