ఫ్యాను మనిషి కోసం, గది కోసం కాదు



వేసవిలో మన ఇళ్లలో ఒక సంగతి తరచుగా కనిపిస్తుంది. ఎవరూ లేని ముందుగదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. వెనుకగదిలో నాయనమ్మ మాత్రం బిల్లు ఎక్కువవుతుందని ఫ్యాను ఆపుకొని, విసనకర్రతో విసురుకుంటూ ఉంటుంది. చేయవలసిన చోట పొదుపు చేయక, చేయకూడని చోట చేయడమంటే ఇదే.

ముందుగా ఒక విషయం గ్రహించాలి. ఫ్యాను గదిలోని వేడిని తగ్గించదు. మన ఒంటిమీది చెమటను ఆరబెడుతుంది. చెమట ఆరేటప్పుడు శరీరంలోని వేడిని తీసుకొని పోతుంది. అందుకే చల్లగా అనిపిస్తుంది. కాబట్టి మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే గది చల్లబడదు, మీటరు మాత్రం తిరుగుతుంది. ఆదివారం గుడికి బయలుదేరేటప్పుడు తాళం వేసే ముందు స్విచ్చులు ఒకసారి చూచుకోండి.

కొత్త ఫ్యాను కొనేవారు రంగు, నగిషీ చూడకముందు వాట్లు చూడాలి. పాత రకం సీలింగు ఫ్యాను పూర్తి వేగంలో సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. బి.ఎల్.డి.సి. మోటారు ఉన్నది సుమారు 30 వాట్లతో దాదాపు అంతే గాలి ఇస్తుంది. రోజుకు 12 గంటలు వేస్తే నెలకు మొదటిది 27 యూనిట్లు, రెండవది 11 యూనిట్లు. తేడా 16 యూనిట్లు. యూనిట్ 5 రూపాయలు అనుకున్నా నెలకు 80 రూపాయలు మిగులుతాయి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది గనుక మూడు ఫ్యాన్లున్న ఇంటికి ఇది చిన్న లాభం కాదు. ధర కొంత ఎక్కువే. అందుచేత అన్నీ ఒకేసారి మార్చనక్కరలేదు. రాత్రంతా తిరిగే ఫ్యానును ముందు మార్చండి. 2023 జనవరి నుండి సీలింగు ఫ్యాన్లకు స్టార్ గుర్తు తప్పనిసరి అయింది. నక్షత్రాలు ఎక్కువ ఉన్నదే తీసుకోండి. బి.ఎల్.డి.సి. ఫ్యానుకు పాత రెగ్యులేటరు పనికిరాదు. బిగించేటప్పుడు దానిని తీసివేయించండి.

పది పన్నెండు అడుగుల గదికి 48 అంగుళాల ఫ్యాను సరిపోతుంది. రెక్కలు నేలకు ఏడడుగులకంటె కిందికి రాకూడదు. కప్పు తక్కువ ఎత్తున్న రేకుల ఇంట్లో గోడ ఫ్యాను గాని టేబులు ఫ్యాను గాని క్షేమం. పాత ఫ్యాను నెమ్మదించిందని వెంటనే పారవేయకండి. తరచుగా లోపం కండెన్సరులో ఉంటుంది, దానిని మార్పిస్తే చాలు. రెక్కల మీది దుమ్ము నెలకొకసారి తుడవండి.

రాత్రి బయట చల్లబడిన తరువాత కిటికీలు తెరచి, ఒక కిటికీ దగ్గర టేబులు ఫ్యానును బయటికి తిప్పి పెట్టండి. లోపలి వేడిగాలి బయటికి పోతుంది, ఎదుటి కిటికీలోనుండి చల్లగాలి వస్తుంది.

ఒక హెచ్చరిక. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెల మధ్యాహ్నాలలో గాలి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ఫ్యాను వేడిగాలినే ఒంటిమీదికి కొడుతుంది. వృద్ధులను, పసిపిల్లలను దాని కింద వదలిపెట్టి నిశ్చింతగా ఉండకూడదు. పగలు కిటికీలకు తడి గోనెపట్టాలు గాని వట్టివేళ్ల తడికలు గాని కట్టండి. తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. దాహం కాకముందే నీళ్లు, మజ్జిగ ఇవ్వండి. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా ఆలస్యం చేయక ఒళ్లు తడుపుతూ ఆసుపత్రికి తీసుకొనిపోండి.

మనిషి ఉన్నచోట ఫ్యాను తిరగాలి, లేనిచోట ఆగాలి. ఈ సాయంకాలమే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఈ మాట చెప్పండి. నాయనమ్మ గదిలో స్విచ్చు మీరే వేయండి.