ఒకే మట్టము, మూడు భావములు

గత సంచికలో కొలతల ప్రమాణములను గూర్చి వ్రాసియుంటిమి. ఈ మాసము వాటికన్న మౌలికమైన బిందువు, రేఖ, తలము అను మూడు మాటలను పరిశీలింతము. ఇవి పాఠశాలలో నేర్చి విడిచిన మాటలే గదా యని మిత్రులు అనుకొనవచ్చును. కాని యంత్రమును పునాదిపై నిలుపునాడు వీటి అవసరము తెలియును.

పెన్సిలుతో పెట్టిన చుక్కకు ఎంతో కొంత వెడల్పు ఉండును. జ్యామితిలోని బిందువునకు స్థానమే గాని పరిమాణము లేదు. సరళరేఖకు పొడవే గాని వెడల్పు లేదు. అది ఇరువైపుల అంతులేక సాగును. ఒక కొన నుండి ఒకవైపే సాగినది కిరణము. రెండు కొనలు గలది రేఖాఖండము. సమతలము నలుదిక్కుల చదునుగా వ్యాపించును. దానికి మందము లేదు.

నగర పటమును చూడుడు. పుదుచ్చేరిలో మిషను వీధి, మహాత్మాగాంధీ వీధి ఉత్తర దక్షిణములుగా సాగును. అవి రమారమి సమాంతరములు. తూర్పు పడమరలుగా పోవు నెహ్రూ వీధి వాటికి లంబము. వీధులు కలియు కూడలి ఖండన బిందువు.

1899లో జర్మను గణితవేత్త డేవిడ్ హిల్బర్టు బిందువు, రేఖ, తలములకు నిర్వచనములు చెప్పక, వాటి పరస్పర సంబంధములనే మూలసూత్రములుగా నిలిపెను. వాటిలో ఒకటి మనకు నిత్యము పనికివచ్చును: ఒకే రేఖపై లేని మూడు బిందువుల గుండా ఒకే ఒక సమతలము పోవును. ముక్కాలి పీట ఎగుడుదిగుడు నేలపైనను ఊగకపోవుటకు కారణమిదియే. నాలుగవ కాలి కొన మాత్రము మిగిలిన మూడింటి తలములో ఉండితీరవలెనను నియమము లేదు.

మోటారునకు సాధారణముగా నాలుగు పాదములు. ఒక పాదము క్రింద సందు ఉండగానే బోల్టు బిగించినచో చట్రము మెలితిరుగును, షాఫ్టు వరుస తప్పును, అదురు పుట్టును, బేరింగులు త్వరగా పాడగును. అందుకే ఫీలరు గేజితో సందు కొలిచి, తగిన మందము గల షిమ్ము వేయుదుము.

ఇచటనే మాటల చిక్కు వచ్చును. వాడుకలో చదునుగా ఉన్నదానిని మట్టమందురు. వాలు లేనిదానినీ మట్టమే అందురు. లంబకోణమును చూచు పనిముట్టు పేరు మూలమట్టము. జ్యామితిలో ఇవి మూడు వేరు భావములు: సమతలము, క్షితిజ సమాంతరము, లంబము. చక్కగా కట్టిన గోడ చదునే, కాని క్షితిజ సమాంతరము కాదు. రసమట్టము తాను ఉన్న దిశలోని వాలునే చూపును. బుడగ నడుమ నిలిచినంతమాత్రమున నాలుగు పాదములు ఒకే తలములో ఉన్నవని తేలదు. “మట్టము చూచితిమి” అని ఒకరు చెప్ప, అది చదునును గూర్చియే యని నమ్మి మరొకరు బోల్టు బిగించినచో నష్టము యంత్రమునకు, ఒక్కొక్కపుడు మనిషికి.

తట్టాంచావడి పారిశ్రామికవాడలో తమిళము నిత్యవ్యవహార భాష. ఇదే కేంద్రపాలిత ప్రాంతమునకు చెందిన యానాంలో తెలుగు. బిందువును తమిళులు పుళ్ళి యందురు, రేఖను కోడు అందురు. తలము మాత్రము వారికి తళము. ఇరువురికి దాదాపు ఒకే మాట. భాష ఏదైనను భావము స్పష్టముగా ఉన్నచో పని చెడదు.

కావున పని అప్పగించునపుడు “మట్టము చూడుము” అని ఊరకొనక, చదును చూడవలెనా, వాలు చూడవలెనా, లంబము చూడవలెనా విడివిడిగా చెప్పవలసినదని మిత్రులకు మా మనవి. వచ్చు సంచికలో కోణములను గూర్చి ముచ్చటింతము.