కుక్క ప్రేమ కూటికొరకు కాదు

“కుక్కకు ప్రేమ యేమిటండీ? అన్నము పెట్టిన చేయియే దానికి దైవము. రేపు ఇంకొకడు మాంసపు ముక్క విసరినచో వాని వెంట పోవును” అని మొన్న కోల్‌కతా గార్డెన్ రీచ్‌లో మన తెలుగువారు కూడిన యొక సందర్భమున, కాఫీ కప్పు చేతబట్టుకొని, విద్యాధికులైన పెద్దమనిషి యొకరు సెలవిచ్చిరి. చుట్టును నిలిచియున్న పదిమందియు తలలూపిరి. తమ యింట వేల రూపాయలు పోసి కొని తెచ్చిన లాబ్రడార్‌ను మాత్రము వారు ఈ తీర్పునుండి మినహాయించిరి. అది మేలుజాతిది గావున దానికి బుద్ధియు మమతయు కలవనియు, ప్రక్కపేట మెటియాబ్రుజ్ సందులలో పుట్టి పెరుగు కుక్కకు ఆ రెండును లేవనియు వారి సిద్ధాంతము. ఆ మాటకంటె ఆ తలలూపుట నన్నెక్కువగా నొప్పించినది. ఒక ప్రాణి మన యెదుట నిలిచి, మన కన్నులలోకి చూచి, మన అడుగుల సవ్వడికై చెవులు రిక్కించి బ్రతుకుచుండగా, దానికి కడుపు తప్ప మరేమియు లేదని నిర్ణయించుటకు మనకెవ్వరు అధికారమిచ్చిరి?

ఈ దురభిప్రాయము నేటిది కాదు. తోక వంకరను గూర్చిన సామెత మొదలుకొని, బంగారు గద్దెపై కూర్చుండబెట్టినను నీచబుద్ధి మానదన్న శతకకారుని నిందవరకు, బడిపిల్లలచేత మనము వల్లెవేయించినదంతయు కుక్కను తిట్టుటయే. కాని ఆ పిల్లలకు మనము చెప్పవలసిన కథ మరియొకటి కలదు. మన ఆదికావ్యమైన నన్నయ భారతమున, ఆదిపర్వారంభముననే, జనమేజయుని తమ్ములు నిష్కారణముగా కొట్టిన సారమేయుడను కుక్కపిల్ల తల్లి సరమ, రాజు నెదుటికి నడచివచ్చి, నా బిడ్డ చేసిన నేరమేమని నిలదీయును. యుక్తాయుక్తములు విచారింపక దీనులకు కీడు చేయువారికి అనుకొనని భయములు వచ్చునని చెప్పి మరలిపోవును. చక్రవర్తి ఆ మాటకు కలత చెందును. కుక్కకు బిడ్డపై మమతయు, అన్యాయమును గుర్తించు నెరుకయు కలవని అంగీకరించిన తరువాతనే ఆ కవి పాండవుల కథలోనికి ప్రవేశించెను. స్వర్గద్వారమున కుక్కను విడువనన్న ధర్మరాజు సంగతి ఎల్లరకు తెలిసినదే. ఇవి శాస్త్రప్రమాణములని నేననుట లేదు. సామెతలు మాత్రమే మన సంప్రదాయమని మాటలాడువారు ఈ సగమును దాచుట నాకు సహింపరాకున్నది.

చదువుకొన్నవారు సామెతతో తృప్తిపడక రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ పేరు తెత్తురు. ఆయన ప్రయోగములలో ఆహారసంకేతము వినబడినంతనే లాలాజలము కార్చు కుక్కను చూపి, కుక్కయనగా నిదియే, మీట నొక్కిన పనిచేయు యంత్రమని తేల్చివేయుదురు. పావ్లోవ్‌ను వీరు పూర్తిగా చదువలేదు. 1924 సెప్టెంబరులో నీవా నది లెనిన్‌గ్రాడును ముంచెత్తినపుడు, ఆయన ప్రయోగశాలలోని పంజరములలో వరదనీరు నిండి, కుక్కలు ముక్కులు మాత్రము పైకెత్తి ఈదులాడుచుండగా, పరిచారకులు వానిని ఎట్టకేలకు వెలికిలాగి రక్షించిరి. పిమ్మట చూడగా, ఆ కుక్కలలో కొన్ని ఎంతో శ్రమతో నేర్చినదానిని మరచియుండెను. కోలుకొన్న యొక కుక్క యున్న గదిలోనికి తలుపు క్రిందినుండి సన్నగా నీరు పారించినంతనే అది మరల కంపించి, తిండి ముట్టక, నేర్చినదంతయు కోల్పోయెను. భయమును గుర్తుంచుకొని, ఆ భయముచే ఆకలినే విడుచునది యంత్రమెట్లగును? ఆ వరద తరువాతనే పావ్లోవ్ కుక్కల మానసిక వ్యాధులను గూర్చి గాఢముగా పరిశీలింప నారంభించెను. లాలాజలము గుర్తుండి వరద గుర్తులేని పాండిత్యమును నేను పాండిత్యమనను.

సరే, కడుపే ప్రధానమన్న మాటనే పరీక్షింతము. అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయమున గ్రెగరీ బర్న్స్ అను శాస్త్రజ్ఞుడు, కుక్కలకు కదలక పడుకొనుట నేర్పి, మత్తు మందీయక, కట్టివేయక, ఎం.ఆర్.ఐ. యంత్రమున వాని మెదడులను పరిశీలించెను. 2016లో ప్రకటించిన పరిశోధనలో 15 కుక్కలకు ఆహారము లభించుననెడి సూచనను, యజమాని మెచ్చుకొనుననెడి సూచనను వేరువేరుగా ఇచ్చి చూడగా, ఆహారమువైపు స్పష్టముగా మొగ్గినవి రెండే. తక్కిన 13 కుక్కల మెదడు మెచ్చుకోలుకు ఆహారముతో సమానముగనో, అంతకు మించియో స్పందించినది. జపానులో అజాబు విశ్వవిద్యాలయమువారు 2015లో, కుక్కయు యజమానియు ఒకరి కన్నులలోకి ఒకరు చూచుకొనునపుడు, తల్లీబిడ్డల అనుబంధమునకు మూలమైన ఆక్సిటోసిన్ అను రసము ఉభయులలోను పెరుగునని కనుగొనిరి. మనుష్యులు పెంచిన తోడేళ్లలో అట్లు జరుగలేదు.

ఇవన్నియు ఇంటి కుక్కల మాటలు, వీధికుక్కల కేమి సంబంధమని పెద్దమనిషి యనవచ్చును. అందులకు సమాధానము సముద్రములకు ఆవల లేదు, మన బంగాళమునందే కలదు. నదియా జిల్లా మోహన్‌పూర్‌లోని ఐసర్ కోల్‌కతా అను శాస్త్రపరిశోధన సంస్థలో అనిందితా భద్రాగారును, వారి శిష్యులును ఏండ్ల తరబడి వీధికుక్కలనే వీధులలోనే పరిశీలించుచున్నారు. 2017లో వారు ప్రకటించిన యొక ప్రయోగమున, ఎరుగని మనుష్యుడు కొన్ని కుక్కలకు పదేపదే ఆహారమును, మరికొన్నింటికి తల నిమురుటను మాత్రమే బహుమానముగా నిచ్చుచు రాగా, ఆ క్రొత్తవానిపై ఎక్కువ నమ్మకము పెంచుకొన్నవి నిమిరించుకొన్న కుక్కలే. తరతరములుగా ఎంగిలాకులపై బ్రతికినవి, ఒక్క రొట్టెముక్కకై కాట్లాడునవి, అట్టి కుక్కలు నిమిరిన చేతిని ఎక్కువగా నమ్మినవి. ఈ యొక్క ప్రయోగము చాలదా, ఆ తలలూపిన పదిమందికి?

మెటియాబ్రుజ్‌లో కచ్చీ సడక్ దగ్గరి యొక సందులో నేను చాలకాలముగా ఎరిగిన గోధుమవన్నె ఆడకుక్క యొకటి కలదు. సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేసిన గుర్తుగా దాని చెవికొస కత్తిరించియున్నది. ఈ పేట బట్టలు కుట్టువారి పేట. అర్ధరాత్రి దాటినను కార్ఖానాలలో కుట్టుమిషనుల మ్రోత ఆగదు. పగటివేళ టీ కొట్టువాడు ఆ కుక్కకు బిస్కట్లు వేయును, మాంసపు కొట్టువాడు ఎముకలు వేయును; అది తినును, తోక యాడించును, వెడలిపోవును. రాత్రి మాత్రము ఒక వృద్ధుడైన కట్టింగు మాస్టరు పనిచేయు గది యెదుట, సగము దించిన షట్టరు క్రింద, ముట్టె ముందుకాళ్లపై నుంచి పరుండియుండును. ఆయన కొంచెము కుంటుచు నడచును. ఆయన లేచి గడప దాటకమునుపే, ఆ అసమానమైన అడుగుల చప్పుడునకే, ఇది లేచి నిలుచును. రెండడుగుల దూరమున వెంటనడచి టీ కొట్టువరకు పోయి, తిరిగి వచ్చును. ఆయన దానికి తిండి పెట్టగా నేనెన్నడును చూడలేదు. నమాజుకు ముందు చేసికొను శుద్ధి, వుజూ, చెడునేమోనను జంకుచే చేతితో ముట్టడు. మాటలాడును, అంతే. దినమంతయు జరిగినదంతయు, ఎవరి కొలత తప్పినదో, ఎవరి కూలి రాలేదో, తగ్గు స్వరమున దానితో చెప్పుకొనుచు నడచును. ఇదేమి చెలిమి యని నేనడుగగా, “గుహలో నిద్రించినవారి కుక్కను ఖురాను మరువలేదు సాబ్, నేనెట్లు మరతును?” అని ఆయన పలికెను. ఈదు పండుగకు కార్ఖానాలు మూతపడి, ఆయన తన ఊరికి పోయినపుడు, బిస్కట్లు ఆగలేదు, ఎముకలు ఆగలేదు. కుక్క వానిని తిని, తిరిగి వచ్చి, మూసిన షట్టరు నొద్దనే పరుండెను. అన్నము పెట్టు చేతులు రెండుండగా, ఏమియు పెట్టని గొంతుకను అది ఎంచుకొన్నది. బుడాపెస్టులో ఆండిక్స్ అను పరిశోధకుడు 2014లో, కుక్క మెదడునందును మనుష్యుని మెదడునందువలెనే కంఠస్వరమునకు స్పందించు భాగము కలదనియు, ఆ స్వరమునందలి భావమును అది పసిగట్టుననియు నిరూపించెను. ఆ సందులో ప్రతిరాత్రియు జరుగుచున్నది అదియే.

ఈ పేటలో కూర్చుండి జంతువులకు వెలకట్టు వారిని చూచినపుడు నాకు నవాబు వాజిద్ అలీ షా జ్ఞప్తికి వచ్చును. అవధ్ రాజ్యము పోగొట్టుకొని 1856లో ఇచ్చటికి వచ్చి, ఏటికి పండ్రెండు లక్షల భరణముపై, 1887లో మరణించువరకు హుగ్లీ తీరమున మరియొక లక్నోను కట్టుకొనెను. పులులు, పక్షులు, పాములతో ఆయన జంతుశాల ప్రసిద్ధికెక్కెను. బాల్యమున ఇచ్చటనే పెరిగిన రచయిత అబ్దుల్ హలీమ్ షరర్, నవాబు ఒక పావురముల జంటకు 24,000 రూపాయలు, తెల్లని నెమళ్ల జంటకు 11,000 రూపాయలు ఇచ్చెనని వ్రాసెను. పోగొట్టుకొన్న రాజ్యమునకు బదులుగా ఆ దుఃఖితుడు ప్రాణులను చేరదీసెనని నేను ఆయనను గౌరవింతును. కాని ఆ జంతుశాల ఆయనతోనే పోయినది. వెల లేని, చరిత్రకారుడు పేర్కొనని కుక్కల సంతతి మాత్రము నేటికిని సిబ్‌తైనాబాద్ ఇమాంబాడా చుట్టుపట్ల సందులలో మనుష్యులను నమ్ముకొని బ్రతుకుచున్నది.

ఇక నా అసలు కోపము. వెలపెట్టి కొన్నందున ప్రేమ తమ సొత్తయినదని తలచు ఈ క్రొత్త కుక్కల యజమానులు చేయుచున్నదేమి? హిమభూములలో బండ్లు లాగుటకు పుట్టిన సైబీరియన్ హస్కీని గంగాతీరపు వైశాఖమాసపు ఉక్కలోనికి తెత్తురు. ఫ్లాటు బాల్కనీలో మూరెడు గొలుసునకు కట్టివేసి, భార్యాభర్తలిరువురు కచేరీలకు పోవుదురు. సాయంకాలమువరకు అది వీధివైపు చూచి చూచి, మొరిగి మొరిగి, తన పాదములను తానే కొరుకుకొనును. ప్రతి ఆదివారము స్నానము చేయించి, ఫోటో తీసి, బంధువులకు పంపుదురు. అదియే ప్రేమయట! ఎల్లప్పుడు గొలుసున కట్టియుంచిన కుక్కను తగినంత నడిపింపకుండుట హింసయేయని 1960నాటి జంతుహింసా నివారణ చట్టము 11వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. మన కాలనీలలో ఈ నేరము చేయని కుక్కల యజమానుల ఇండ్లు ఎన్ని? అంతటితో ఆగక, ఇంట చెప్పు కొరికినదని దానిని కొట్టుదురు. అది తలవంచి, చెవులు వెనుకకు వాల్చి, ఓరచూపు చూడగా, చూడుడు, తప్పు చేసినట్లు దానికే తెలిసినదందురు. న్యూయార్కులో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ఈ మాటనే పరీక్షించెను. తప్పు చేసినను చేయకున్నను, యజమాని గద్దించినపుడెల్ల కుక్క అదే మొగము పెట్టెను. అది నేరమును ఒప్పుకొనుట కాదు. మన మొగమునందలి కోపమును చదివి శాంతింపుమని వేడుకొనుట. ఆ వేడికోలును సాక్ష్యముగా తీసికొని శిక్షించు మనము దానికి బుద్ధి లేదందుము! మనుష్యుని చెవి 20,000 హెర్ట్జుల శబ్దముతో ఆగిపోగా, 45,000వరకు వినగల ఆ చెవులకు కాళీపూజ రాత్రి బాణసంచా ఎట్లుండునో ఊహింపక, మంచము క్రింద దాగిన దానిని వెలికిలాగి ఫోటో తీయువారిని నేను చూచితిని. వెలపెట్టి కొన్నది కుక్కను; దాని మనస్సును కాదు. అది దినదినమును సంపాదించుకొనవలసినది.

కుక్కకాటు సంగతి యేమి, రేబీస్ సంగతి యేమి యందురు. అవి నిజమైన ప్రమాదములే; ప్రపంచమున రేబీస్ మరణములలో మూడవవంతునకు పైగా మన దేశముననే యని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. దానికి మందు టీకా, శస్త్రచికిత్స. 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కలనన్నిటిని పట్టి దొడ్లకు తరలింపుడన్న సుప్రీంకోర్టు, ఆ నెల 22వ తేదీననే, రేబీస్ సోకినవానిని, దుష్టస్వభావము కలవానిని తప్ప, టీకా వేసి పట్టిన చోటనే విడువుడని సవరించెను. పేటలో ఒక్క మనుష్యునైనను నమ్మిన కుక్కను పట్టి సూది వేయుట సులభము; ఎవరిని నమ్మని కుక్కను పట్టుటకు వల కావలెను. భయపెట్టిన కొలది ప్రమాదము పెరుగును. మనము వానికి చేయుచున్నదేమో కూడ తెలిసికొనుట మంచిది: అనిందితా భద్రాగారి బృందమే 2016లో ప్రకటించిన పరిశోధనలో పశ్చిమ బంగాళమున 364 కుక్కపిల్లలను అనుసరించి చూడగా, ఏడు నెలలు దాటి బ్రతికినవి నూటికి 19 మాత్రమే, ఆ మరణములలో నూటికి 63 మనుష్యుల మూలముననే సంభవించెను.

ఏమి చేయవలెనని నన్నడిగినచో నాయొద్ద గొప్ప ప్రణాళిక లేదు. ఈ పనికి సభలు, తీర్మానములు అక్కరలేదని మాత్రమెరుగుదును. వాల్తేరునుండి, విజయనగరమునుండి బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై వచ్చి గార్డెన్ రీచ్‌లో స్థిరపడిన కుటుంబములు మనవి. ఎరుగనిచోట ఒకరు నవ్వుచు పలుకరించినచో ప్రాణము లేచివచ్చుట మన పెద్దలు అనుభవించినదే. కావున అయ్యలారా, అమ్మలారా, మీ బాల్కనీలోని కుక్క గొలుసు నేటి సాయంకాలమే విప్పి దానిని నడిపింపుడు. మీ సందులోని కుక్కకు టీకా వేయువారు వచ్చునాడు, అది ఎవరిని నమ్మునో వారిని పిలిచి దాని ప్రక్కన నిలువబెట్టుడు. పిల్లలకు తోక వంకర సామెతతోబాటు సరమ కథయు చెప్పుడు. ఇంతమాత్రమును చేయనివాడు, ఎంత విద్యాధికుడైనను, కుక్క ప్రేమను గూర్చి తీర్పు చెప్పుటకు అర్హుడు కాడు.